కాలం ఆక్రమణను హక్కుగా మార్చగలదా?

ఏ రాజ్యమూ తాను మరొకరి నేలను ఆక్రమించానని చెప్పుకోదు. పోయిన నేల తిరిగి వచ్చిందంటుంది. విడిపోయిన తల్లీబిడ్డలు కలుసుకున్నారంటుంది. చరిత్ర చేసిన అన్యాయాన్ని సరిదిద్దానంటుంది. సైన్యం ముందు నడుస్తుంది. వెనుక పండితులు పాత దస్తావేజులు పట్టుకుని నడుస్తారు. కొన్నాళ్ళకు ఆ నేలమీద కొత్త రోడ్లు, కొత్త బడులు, కొత్త జెండాలు వెలుస్తాయి. అప్పుడు లోకం పెద్దమనిషి తరహాలో, "జరిగిందేదో జరిగింది, ఇప్పుడు తవ్విపోసి ప్రయోజనమేమిటి?" అంటుంది. ఈ మాటలో వివేకం ఉన్నట్టే కనిపిస్తుంది. అది నిజంగా వివేకమేనా, లేక కర్రగలవానిదే బర్రె అనే పాత నీతికి తొడిగిన కొత్త చొక్కాయా? ఇదే ఇక్కడ విచారించదలచిన విషయం.

ఊహాలోకంలో విహరించకుండా, ఒక నిజమైన నేలను ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం. ఆఫ్రికా ఖండపు వాయవ్య తీరాన, అట్లాంటిక్ సముద్రం ఒడ్డున, సుమారు 2,66,000 చదరపు కిలోమీటర్ల ఎడారి దేశం పశ్చిమ సహారా. 1884లో స్పెయిన్ ఆ తీరాన్ని తన రక్షణలోకి తీసుకున్నట్టు ప్రకటించింది. 1974లో స్పెయిన్ జరిపిన జనాభా లెక్కల్లో తేలిన సహరావీలు సుమారు 74,000 మంది. అక్కడ బూక్రా గనుల్లో భాస్వరపు రాయి ఉన్నది. ఆ రాయిని సముద్రం ఒడ్డుకు చేర్చడానికి సుమారు వంద కిలోమీటర్ల పొడవున యంత్రపు పట్టీ వేశారు. తీరమంతా చేపల సంపద. జనం కొద్ది, సంపద మెండు. ఇంతకంటే ప్రమాదకరమైన స్థితి ఏ జాతికైనా ఏముంటుంది?

వలసరాజ్యాల ప్రజలకు తమ భవిష్యత్తును తామే నిర్ణయించుకునే హక్కు ఉన్నదని ఐక్యరాజ్యసమితి సాధారణ సభ 1960 డిసెంబరు 14న ప్రకటించింది. 1963లో పశ్చిమ సహారా పేరు స్వపరిపాలన లేని ప్రాంతాల జాబితాలోకి ఎక్కింది. ఈనాటికీ ఆ జాబితాలోనే ఉన్నది. ప్రజాభిప్రాయసేకరణ జరపమని 1966లోనే సాధారణ సభ స్పెయిన్‌ను కోరింది. 1973లో సహరావీ యువకులు పోలిసారియో ఫ్రంట్‌ను స్థాపించి ఆయుధాలు పట్టారు. సరిగ్గా ఈ సమయంలోనే మొరాకో రాజు రెండవ హసన్‌కు తన తాతముత్తాతలు గుర్తుకు వచ్చారు. స్పెయిన్ రాకముందు ఆ ఎడారి తెగలు మొరాకో సుల్తానులకు విధేయత ప్రకటించాయి గనుక ఆ నేల తనదేనన్నాడు. దక్షిణాన ఉన్న మారిటేనియా కూడా తన వంతు వాదన తెచ్చింది.

వివాదం అంతర్జాతీయ న్యాయస్థానం ముందుకు వెళ్ళింది. 1975 అక్టోబరు 16న న్యాయస్థానం తన అభిప్రాయం చెప్పింది. స్పెయిన్ వచ్చేనాటికి అది యజమాని లేని నేల కాదన్నది. కొన్ని తెగలకూ సుల్తానుకూ మధ్య విధేయతా సంబంధాలు ఉండిన మాట నిజమేనన్నది. అయితే అవి ఆ నేలమీద సార్వభౌమాధికారం కావనీ, ప్రజల స్వయంనిర్ణయ హక్కును కాదనగల శక్తి వాటికి లేదనీ స్పష్టంగా చెప్పింది. నేల గతిని నిర్ణయించవలసినది ప్రజలే కాని, ప్రజల గతిని నేల నిర్ణయించరాదనే అర్థం వచ్చే మాట న్యాయమూర్తి హార్డీ డిల్లార్డ్ తన ప్రత్యేకాభిప్రాయంలో రాశాడు.

ఆ తరువాత జరిగినదేమిటి? నవంబరు 6న దాదాపు 3,50,000 మంది మొరాకో పౌరులను రాజు సరిహద్దు దాటించాడు. దానికి 'హరిత యాత్ర' అని అందమైన పేరు పెట్టాడు. భద్రతామండలి అదే రోజున ఆ యాత్రను గర్హించి వెనక్కు మళ్ళమన్నది. ఎనిమిది రోజుల్లో, ఫ్రాంకో మరణశయ్య మీద ఉండగా, స్పెయిన్ మాడ్రిడ్‌లో మొరాకోతోనూ మారిటేనియాతోనూ ఒప్పందం చేసుకుని ఆ దేశపు పాలనను వారికి అప్పగించింది. అప్పగించబడుతున్న వారిని ఒక్క మాట అడగలేదు. 1976 ఫిబ్రవరి 27న పోలిసారియో సహరావీ గణతంత్రాన్ని ప్రకటించింది. 1979లో మారిటేనియా తప్పుకుంటే, అది విడిచిన భాగాన్ని కూడా మొరాకో కలుపుకున్నది. 1980 తరువాత ఇసుకతో, రాళ్ళతో, మందుపాతరలతో సుమారు 2,700 కిలోమీటర్ల గోడ లేచింది. గోడకు పడమట గనులు, రేవులు, తూర్పున ఎడారి. లక్షకు పైబడిన సహరావీలు నేటికీ అల్జీరియాలోని తిందూఫ్ దగ్గర శరణార్థి శిబిరాల్లో బతుకుతున్నారు.

ఇక సూత్రానికి వద్దాం. మొరాకో వాదనలో ఉన్న మూలభావం తెలుగు పాఠకులకు కొత్తది కాదు. మన జాగీర్ల చరిత్ర తెలిసినవారు దానిని వెంటనే గుర్తుపడతారు. నిజాం ప్రభువు ఒక సర్దారుకు జాగీరు ఇచ్చినప్పుడు చెరువులూ చెట్లూ మాత్రమే ఇచ్చేవాడు కాదు; ఆ ఊళ్ళలోని మనుషులను కూడా కలిపి ఇచ్చేవాడు. రైతు పన్నుకట్టే చెయ్యి మార్చుకోవలసిందే తప్ప, ఈ మార్పు నీకు ఇష్టమేనా అని అతన్ని అడగడం ఎవరి ఊహకూ అందేది కాదు. 'నా పూర్వికులకు మీ పూర్వికులు సలాము చేశారు, కాబట్టి మీరు నావాళ్ళు' అనే రాజు మాటలో ఉన్నది ఈ జాగీర్దారీ భావనే. స్పెయిన్ చేసినది జాగీరు బదలాయింపు. మాడ్రిడ్ ఒప్పందం సార్వభౌమాధికారాన్ని ఎవరికీ బదలాయించలేదని ఐక్యరాజ్యసమితి న్యాయ సలహాదారు హాన్స్ కోరెల్ 2002లో చెప్పాడు. తనది కానిదాన్ని స్పెయిన్ ఎలా ఇవ్వగలదు?

కాని ఇంతకంటే బలమైన వాదన మరొకటి ఉన్నది. అది కాలం చేసే వాదన. మన చట్టంలో కూడా, పరాయివాడి భూమిని పన్నెండేళ్ళు బహిరంగంగా, నిరాటంకంగా అనుభవిస్తే స్వాధీనహక్కు సంక్రమిస్తుంది. వ్యవహారాలకు ఎక్కడో ఒకచోట ముగింపు ఉండాలి గదా! అలాంటప్పుడు యాభై ఏళ్ళు పాలించినవాడికి హక్కు ఎందుకు రాకూడదు?

ఈ పోలిక రెండుచోట్ల విరుగుతుంది. మొదటిది, ఆ సూత్రం నిరాటంకమైన అనుభవానికే వర్తిస్తుంది. అడ్డుచెప్పేవాడు శిబిరంలో కూర్చుని రోజూ అడ్డుచెబుతూనే ఉంటే, అది నిరాటంకమెలా అవుతుంది? అతని నోటికి గోడ కట్టి, అతని మౌనాన్ని సమ్మతి అనడం న్యాయం కాదు. రెండవది, మరింత ముఖ్యమైనది: భూమి హక్కు వ్యాజ్యంలో భూమి కక్షిదారు కాదు, అది వస్తువు. ఇక్కడ ఏ హక్కు గురించి వాదిస్తున్నామో అది మనుషులమీది హక్కు. మనిషిని ఎన్నేళ్ళు అనుభవించినా అతనిమీద స్వాధీనహక్కు రాదు. బానిసత్వం వందల ఏళ్ళు నడిచింది; అందువల్ల అది ధర్మం కాలేదు. వెట్టి తరతరాలుగా సాగింది. అది ఆచారమయింది గాని న్యాయం కాలేదు.

తోటి రాజ్యాల గుర్తింపు విషయం కూడా ఇంతే. 2020 డిసెంబరులో అమెరికా అధ్యక్షుడు ట్రంప్ పశ్చిమ సహారాపై మొరాకో సార్వభౌమత్వాన్ని గుర్తించాడు. మొరాకో ఇజ్రాయెల్‌తో సంబంధాలు పునరుద్ధరించుకోవడానికి ఒప్పుకున్నది. రెండూ ఒకే ప్రకటనలో వచ్చాయి. సంతలో రెండు చేతుల మధ్య జరిగిన బేరమిది. బేరమాడబడిన సరుకు మాత్రం మూడో మనిషిది. 2022లో స్పెయిన్, 2024లో ఫ్రాన్స్ మొరాకో పక్షానికి జరిగాయి. 2025 అక్టోబరులో భద్రతామండలి సైతం మొరాకో స్వయంపాలన ప్రతిపాదనే చర్చలకు ప్రాతిపదిక అన్నది. స్వయంనిర్ణయమనే మాటను కూడా అదే తీర్మానంలో ఉంచింది. మనమేమైనా తక్కువ తిన్నామా? భారతదేశం సహరావీ గణతంత్రాన్ని 1985లో గుర్తించి, 2000లో ఆ గుర్తింపును వెనక్కు తీసుకున్నది. మన పొలాలకు భాస్వరం కావాలి, మొరాకో దానిని అమ్మే దేశాల్లో ముఖ్యమైనది. అయితే ఎందరు సాక్షి సంతకాలు చేసినా, అమ్మే హక్కు లేనివాడు రాసిన దస్తావేజు చెల్లదు. ప్రజల సమ్మతి లేకుండా ఆ దేశపు పంటలకూ చేపలకూ వర్తించే ఒప్పందాలు చేసుకోవడం చెల్లదని ఐరోపా సమాఖ్య న్యాయస్థానం 2024 అక్టోబరులో తీర్పు చెప్పింది.

ఇక్కడిదాకా మన దారి సుళువు. అసలు చిక్కు ఇప్పుడు వస్తుంది. ఐక్యరాజ్యసమితి మధ్యవర్తిత్వంలో 1991లో యుద్ధం ఆగింది. మరుసటి ఏడాది ప్రజాభిప్రాయసేకరణ జరగాలనుకున్నారు. అది నేటికీ జరగలేదు. 2020 నవంబరులో యుద్ధవిరమణ కూడా తెగిపోయింది. ఎందుకు జరగలేదు? ఎవరు వోటు వెయ్యాలన్నచోట బండి ఆగింది. 1974 లెక్కల్లో ఉన్నవారూ వారి సంతానమేనా, లేక మొరాకోనుంచి వచ్చి స్థిరపడినవారు కూడానా? ఈ యాభై ఏళ్ళలో అక్కడ పుట్టిన మొరాకో కూలివాని బిడ్డ ఎవరిమీదా దండెత్తలేదు. వానికి తెలిసిన ఊరు అదొక్కటే. వానిని పొమ్మనడం మరొక అన్యాయం కాదా?

అవును, అన్యాయమే. దానిని ఒప్పుకోని స్వాతంత్ర్యవాదం రేపు మరొక శిబిరాన్ని తయారుచేస్తుంది. కాని బతికే హక్కు వేరు, మరొకరి భవిష్యత్తును తూకంలో ముంచే హక్కు వేరు. కొత్తగా వచ్చినవాడికి ఇల్లు, పని, భాష, మతం, పౌరసత్వం అన్నీ ఉండవచ్చు, ఉండాలి. అయితే జనాన్ని తరలించడం ద్వారానే వోటును గెలవవచ్చునంటే, ఇక ప్రపంచంలో ఏ చిన్నజాతికీ వోటు అక్కరలేదు. బస్సులు ఎక్కువ ఉన్నవాడే గెలుస్తాడు. కాలం కొత్త మనుషులకు హక్కులను ఇస్తుంది. పాతవారి హక్కులను మాత్రం హరించదు.

ఇతరులకు నీతి చెప్పేముందు మన ముంగిలి చూసుకోవాలి. 1947 జూన్‌లో నిజాం తాను స్వతంత్రుణ్ణని ప్రకటించాడు. బ్రిటిషు పరమాధికారం తొలగిపోతే సంస్థానాధీశుడికి ఎంచుకునే హక్కు ఉన్నదన్నాడు. 1948లో భద్రతామండలికి ఫిర్యాదు కూడా పంపాడు. ఉత్త కాగితాలు చూస్తే ఆయన వాదన తీసిపారేయదగినది కాదు. కాని అది రాజు వాదన. 1946నుంచే తెలంగాణ రైతాంగం ఆ రాజ్యానికి ఎదురు తిరిగి ఉన్నది. ప్రజలు తిరస్కరించిన సింహాసనానికి సార్వభౌమత్వమనే కవచం ఉండదు. అంతవరకు నిజమే. అయితే 'పోలీసుచర్య' అనే పేరు ఆ తరువాతి వాటినన్నిటినీ కడిగివెయ్యలేదు. భారతసైన్యం 1951దాకా అదే రైతాంగంపై తుపాకి ఎత్తింది. సంస్థానంలో ముస్లిములపై జరిగిన హత్యాకాండలో 27,000నుంచి 40,000 మంది వరకు చనిపోయి ఉంటారని అంచనా వేసిన సుందర్‌లాల్ సంఘం నివేదికను దశాబ్దాలపాటు మరుగున ఉంచారు. విమోచన అనే మాట అనేవారు ఈ లెక్క కూడా చెప్పాలి. మరి తేడా ఎక్కడ? 1952లో తెలంగాణ ప్రజల చేతికి వోటు వచ్చింది. నల్లగొండ రైతులు రావి నారాయణరెడ్డికి నెహ్రూకు వచ్చినదానికంటే ఎక్కువ వోట్లు వేసి, తమపై తుపాకి ఎత్తిన ప్రభుత్వాన్ని తిరస్కరించగలిగారు. ఆ వోటు జరిగిన నేరాలను మాఫీ చెయ్యలేదు. కాని ప్రజలకు 'కాదు' అనే నోరు ఇచ్చింది. సహరావీలు వోటు అడిగారు. వారికి గోడ దొరికింది.

చివరికి ఒక మాట, ముఖ్యంగా విద్యార్థులకూ ఉపాధ్యాయులకూ. ఆక్రమణ రాజులను బలపరచడమే కాదు, ప్రతిపక్షాలను కూడా లొంగదీస్తుంది. మొరాకోలో సోషలిస్టులు, కమ్యూనిస్టు సంప్రదాయానికి చెందినవారు సైతం జాతి ఐక్యత పేరుతో రాజు వెనుక నిలబడ్డారు. 1981లో హసన్ రాజు ప్రజాభిప్రాయసేకరణకు మాటవరసకైనా ఒప్పుకుంటే, అది కూడదన్నందుకు సోషలిస్టు నాయకుడు అబ్దర్రహీం బుఅబీద్ జైలుకు వెళ్ళాడు. రాజుకంటే రాజభక్తి మించిపోయింది! అదే దేశంలో అబ్రహాం సెర్ఫతీ అనే మార్క్సిస్టు, సహరావీల స్వయంనిర్ణయ హక్కును సమర్థిస్తూ పదిహేడేళ్ళు జైల్లో గడిపాడు. 1991లో విడుదల చేసి దేశంనుంచే వెళ్ళగొట్టారు. స్వంత దేశాన్ని ప్రేమించడంలో ఈ ఇద్దరిలో ఎవరు తక్కువ?

పరాయి సామ్రాజ్యవాదాన్ని ఖండించడానికి ధైర్యం అక్కరలేదు. గొంతు ఉంటే చాలు. మన పతాకం కింద, మన భాషలో, మన గాయాల పేరు చెప్పి జరిగే ఆక్రమణను చూసి 'ఆ మనుషులను అడిగారా?' అని ప్రశ్నించడానికే ధైర్యం కావాలి. ఆ ప్రశ్నకు యాభై ఏళ్ళ తరువాత కూడా కాలదోషం పట్టదు. అడగవలసిన మనుషులు ఉన్నంతకాలం అది అడగవలసిన ప్రశ్నే.