లెక్కించడం, లెక్కచెయ్యడం

స్వాహిలి నేర్చుకుంటూ అంకెల దగ్గర ఆగిపోయాను. రెండుని ‘మ్బీలి’ అని బట్టీపడితే సరిపోదు. ఇద్దరు మనుషులు ‘వాతు వవీలి’, రెండు పుస్తకాలు ‘వితాబు వివీలి’. ఎన్నో చెప్పేముందు ఎవరో, ఏమిటో తేల్చాలి. మన ఇద్దరు, రెండు కూడా అంతే.

చిక్కంతా ఒకరి దగ్గరే. తెలుగులో ఇద్దరు స్త్రీలు ‘వచ్చారు’. ఒక్కతే అయితే ‘వచ్చింది’, బస్సు వచ్చినట్టే. పురుషుడు ఒక్కడైనా ‘వచ్చాడు’. స్త్రీని వస్తువుల్లోంచి తప్పించాలంటే గౌరవ బహువచనాన్ని అరువు తెచ్చుకోవాలి. మనిషి కావడానికి ఆమెకు గుంపు కావాలా?

స్వాహిలిలో ఒక స్త్రీకీ, ఒక పురుషుడికీ అంకె ‘మ్మోజా’నే. ఎవరొచ్చినా ‘అమెకూజా’నే. బస్సు వస్తే ‘లిమెకూజా’. కుక్క వచ్చినా ‘అమెకూజా’ అంటారు. అక్కడ గీత ప్రాణికీ వస్తువుకీ మధ్య ఉంది, ఆడామగా మధ్య కాదు.

అంతమాత్రాన ఆ భాష స్త్రీకి న్యాయం చేసిందా? సంప్రదాయ వాడుకలో పెళ్ళి విషయంలో పురుషుడిది ‘కుఓవా’, చేసుకోవడం. స్త్రీది ‘కుఓలేవా’, చేసుకోబడటం. అంకెలో సమానురాలైన మనిషి, పెళ్ళి దగ్గరకొచ్చేసరికి ఆ పని చేసేది కాకుండా పోయింది.

వ్యాకరణం మనల్ని మనుషుల్లో లెక్కించవచ్చు. లెక్కచెయ్యాల్సింది మాత్రం మనుషులే. భాష మారితే చాలని నేననుకోవడం లేదు. కానీ ‘వచ్చింది’ అన్న మాటను ఇక మునుపటిలా అలవాటుగా వినలేకపోతున్నాను.