అన్న గ్లాసు

మా అన్నకు 42 ఏళ్ళు. డబ్బు లెక్క తెలీదు. సోమవారం తర్వాత ఏ వారమో తెలీదు. ఏం చెప్పినా నాలుగు ముక్కల్లో అయిపోతుంది. సర్టిఫికెట్లో దాని పేరు మేధో వైకల్యం. మా మాదిగపల్లెలో తిక్క. నేను పాఠం చెప్పే హైస్కూల్లో మాత్రం దానికి పేరే లేదు. నాకొక అన్న ఉన్నాడని చాలా ఏళ్ళు అక్కడ ఎవరికీ చెప్పలేదు గనక. కులం దాచలేదు, అన్నను దాచాను.

మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. అది నాకేం నేర్పిందో, ఏం నేర్పలేదో ఇప్పుడు చెప్పుకోవాలి.

నా చిన్నప్పుడు అమ్మ మిరపకోతలకు పోతా అన్నను వసారా గుంజకు కట్టేసేది. ఒరుసుకోకుండా నడుముకు పాతచీర పీలిక చుట్టి, దానిమీద తాడు. పక్కన గిన్నెలో అన్నం, చెంబుతో నీళ్ళు. పొద్దుగూకినాక వచ్చి తాడిప్పి, నీళ్ళుపోసి, పీలిక కింద చర్మం తడిమి చూసేది. ఒకసారి కట్టకుండా పోయింది. అన్న ఊళ్ళోకి పొయ్యి పెద్దకులపోళ్ళ బావిలో నీళ్ళు తోడుకున్నాడు. వాడికేం తెలీదని ఊరందరికీ తెలుసు. అయినా కొట్టారు. కులమంటే తెలియనోడికి కులం తెలిసేదాకా కొట్టారు. మర్నాటి నుంచి మళ్ళీ తాడే.

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో పాకలకు నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉన్న మానసిక రోగులు తప్పించుకోలేకపోయారు. 28 మంది చనిపోయారు. నేనప్పుడు హాస్టల్లో ఏడో తరగతి. పేపర్లో చదివాను. వాళ్ళ జబ్బు వేరు, మా అన్న స్థితి వేరు. కట్టేయడం ఒకటే. సెలవలకు ఇంటికొచ్చి, "అన్న తాడిప్పు" అని అమ్మతో పోట్లాడాను. అమ్మ కోప్పడలేదు. "ఇప్పుతా నాయనా. రేపు కోతకు నువ్వు పోతావా?" అంది.

ఆ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. తాడు అమ్మ చేతిలో ఉన్నమాట నిజం. రోజుకూలి అమ్మను అంతకంటే గట్టిగా కట్టేసింది. పనికి పోతే తప్ప పొయ్యి రాజని ఇంట్లో, బిడ్డను చూసుకోవడానికి మనిషిని ఎక్కణ్నించి తేవాలి? అమ్మను క్రూరురాలనే హక్కు ఎవరికుందో చెప్పండి.

నా క్రూరత్వానికి అట్లాంటి సాకు లేదు. డీయస్సీలో ఉద్యోగం వచ్చాక ఇద్దర్నీ నేనుండే టౌనుకి తీసుకొచ్చాను. అన్నకు చొంగ కారుద్ది. అందుకని ఒక కంచం, ఒక గ్లాసు విడిగా పెట్టాను. స్కూలు వాళ్ళొస్తే వాణ్ని వెనకగదిలోకి పంపేవాణ్ని. శుభ్రత అనుకున్నాను. ఒకరోజు అమ్మ ఆ గ్లాసు కడుగుతా అంది: "హోటల్లో మీ నాయనకు చూరులో గ్లాసు పెట్టేవోళ్ళు. తాగి, కడిగి, మళ్ళీ అక్కడే బోర్లించి వచ్చేవోడు. వాళ్ళూ శుభ్రం కోసమేనన్నారు."

రెండు గ్లాసుల మీద నేను సభల్లో మాట్లాడిన వాణ్ని. రెండో గ్లాసు నా వంటింట్లోనే ఉంది.

అమ్మకు చేతగాని రోజులొచ్చాయి. అమ్మ తర్వాత అన్న ఎట్లా అని ఒక ఆశ్రమం చూడ్డానికి పోయాను. గచ్చు అద్దంలా ఉంది. పెద్ద హాలు, వరసగా మంచాలు, అందరికీ గుండ్లు, అందరికీ ఒకే రంగు చొక్కాలు. పెద్ద పెద్ద మగాళ్ళను "పిల్లలు" అంటున్నారు. "వీళ్ళలో టీ ఇష్టం లేనిదెవరికి?" అనడిగాను. "అందరికీ ఒకటే సార్" అన్నాడు నిర్వాహకుడు. హాలు చివర ఒకామె ఒకాయన పక్కబట్టలు మారుస్తోంది. ఊరూ పేరూ అడిగితే మనామే. ఎవరికి చీకటంటే భయమో, ఎవరు కుడిపక్కకు తిరిగితేనే నిద్రపోతారో ఆమెకు తెలుసు. అక్కడున్న సంరక్షణ మొత్తం ఆమె చేతుల్లో ఉంది. ఆమెను మాత్రం "ఏయ్" అని పిలుస్తున్నారు.

అప్పుడు నాకొకటి తట్టింది. ఇతరుల ఒళ్ళు కడిగే పని ఈ దేశంలో ఎవరికి అప్పజెప్పారో మనకు తెలుసు. చేసేవాడికి గౌరవం లేని చోట చేయించుకునేవాడికీ ఉండదు. ఆమె జీతం, ఆమె విశ్రాంతి, ఆమె మాట లెక్కకు రాకుండా సంరక్షణ నాణ్యతను కొలవలేం. అట్లాగే ఎంత కడుపు నింపినా, నీకేం కావాలని అడగకపోతే అది మేపడమే. 1927లో బాబాసాహెబ్ జనాన్ని మహద్ చెరువుకు నడిపించింది దాహం తీర్చుకోవడానికి మాత్రమే కాదు. మేమూ మనుషులమేనని నిలబెట్టుకోవడానికి. అన్నం, పక్క, మందులు దాహం లెక్క. అవి కావాలి. అవే సరిపోవు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం అయిదో సెక్షన్ ఈ మాటే అంటుంది. వాళ్ళకు జనం మధ్య బతికే హక్కుంది. ఫలానాచోటే ఉండమని నిర్బంధించకూడదు. తోడు మనిషితో సహా కావలసిన సాయం అందాలి. చట్టం మంచిదే. మా మండలంలో ఆ తోడు మనిషిని ఇచ్చే ఆఫీసు ఏదో వెతికి వెతికి అలిసిపోయాను.

అమ్మ పోయాక అన్నను అడిగాను. "పల్లె" అన్నాడు. ఇప్పుడు మా పాత ఇంట్లోనే ఉంటాడు. పక్కింటి చిన్నమ్మ పొద్దున, సాయంత్రం చూసుకుంటుంది. 2024 జూలై నుంచి పింఛను 6000 వస్తోంది. దాంట్లో అన్న ఖర్చులు పోతాయి. చిన్నమ్మకు నా జీతంలోంచి నెలనెలా ఇస్తాను. మొదట ఆమె వద్దంది, "మనోడే గదా" అంది. మనోడైనా అది పనే, ఊడిగం కాదు అన్నాను. ఆదివారం ఆమెకు సెలవు. ఆరోజు నేను పోతాను.

పల్లె స్వర్గమని చెప్పను. పిల్లలు రాళ్ళేస్తారు. ఒక బీడీ ఇచ్చి బస్తాలు మోయించుకునేవాళ్ళున్నారు. కానీ డప్పు కాచేటప్పుడు మావాళ్ళు అన్నను పిలుస్తారు. తోలు ఎంత కాగిందో వాడు చేత్తో తట్టి చెబుతాడు, అది తప్పదు. మొన్న డప్పుల వెంట పక్కూరు పొయ్యి రాత్రికి రాలేదు. చిన్నమ్మా నేనూ తెల్లార్లూ వెతికాం. దొరికినప్పుడు నవ్వుతున్నాడు. ఆ రాత్రి ఒక్క క్షణం నాకు తాడు గుర్తొచ్చింది. చదువుకున్న నాకే గుర్తొచ్చింది.

మా గురించి మమ్మల్ని అడక్కుండా నిర్ణయించడానికి మీరెవరని ఊరిని అడిగాం, సర్కారును అడిగాం. అడుగుతూనే ఉందాం. అదే ప్రశ్న మన ఇళ్ళల్లో వెనకగదిలో కూచున్నవాళ్ళు మనల్ని అడుగుతున్నారు. వాళ్ళకు మాట సరిగా రాదు గనక మనకు వినపడదు. మీ ఇంట్లో గ్లాసులు ఒకసారి లెక్కపెట్టుకోండి.