వెండి కాదని తేలాక

వేదాంతం చెప్పుకునే అరుగు మీదికి ముందు తాడూ పామూ వస్తాయి. వాటి వెనకే ముత్యపు చిప్పా వెండీ వస్తాయి. బ్రహ్మసూత్ర భాష్యానికి ముందుమాటగా శంకరులు రాసిన అధ్యాస భాష్యంలోనే ఉంది ఈ చిప్ప. ఇసుకలో తళుక్కుమంటుంది, చూసినవాడు వెండనుకుంటాడు, వంగి చేతిలోకి తీసుకుంటాడు, కాదని తెలుస్తుంది. పాఠం అక్కడితో సరి. చేతిలో మిగిలిన ఆ చిప్పను వాడేం చేసుకున్నాడని నేనే గురువునీ అడగలేదు, ఎవరూ చెప్పనూ లేదు. అడగాలన్న సంగతి ఫిలిప్పీన్స్‌లో, విగన్ అనే పాత రేవుపట్నంలో, ఒక ఇంటి మేడమీద నిలబడ్డప్పుడు తట్టింది.

లుజోన్ దీవికి పడమటి ఒడ్డున, అబ్రా నది సముద్రాన్ని చేరే చోట ఉంది విగన్. 1572లో హువాన్ దె సాల్సెదో అనే స్పెయిన్ సేనాని ఇక్కడ పట్టణం నిలిపాడు. అంతకుముందే చైనా వర్తకుల ఓడలు వచ్చేవి. వాళ్ల సరుకుకు బదులుగా కొండల నుంచి బంగారం, తేనెమైనం దిగేవి. తర్వాత్తర్వాత నదీపాయలు పూడిపోయాయి, ఓడలు తగ్గాయి, ఊరు మెల్లగా పక్కకు జరిగిపోయింది. నన్నడిగితే ఆ పూడికే ఊరిని కాపాడింది. 1999లో యునెస్కో వాళ్లు ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చుకోవడానికి వీధులు ఉన్నవి ఉన్నట్టు మిగిలాయంటే, వాటిని పడగొట్టి కొత్తవి కట్టేంత హడావిడి ఇక్కడికి రాకపోవడం వల్లే.

ఊరి పేరు వెనక ఒక కథ చెబుతారు. పరదేశి ఒకడు ఈ చోటి పేరేమిటని అడిగాడట. ఎదుటివాడు ఏటిగట్టున ఏపుగా పెరిగిన చేమజాతి మొక్క సంగతి అడుగుతున్నాడనుకుని "బిగా, అపో" అన్నాడట. అపో అంటే మన 'అయ్యా' లాంటి మర్యాద మాట. మొక్క పేరు ఊరికి అంటుకుంది. నిజమో కల్పనో గాని, ఒకదాని మీద ఇంకొకటి ఎక్కి కూర్చోవడాన్ని అధ్యాస అంటే, ఈ ఊరి పేరు అధ్యాసలోనే పుట్టిందన్నమాట!

కాయె క్రిసోలొగో అనే రాళ్లు పరిచిన వీధికి రెండువైపులా మేడలే. కింది అంతస్తు ఇటుకా సున్నం, పైది కర్ర. మేడ ముందు భాగమంతా పక్కకు జరిగే కిటికీ తలుపులు. ఒక్కో తలుపులో చదరంగం బల్లలా సన్నటి కర్రచట్రం, ఆ గళ్లలో తెల్లటి బిళ్లలు. నేను వాటిని పాలరంగు గాజనుకున్నాను. నేనెక్కిన ఇంటిని చూసుకునే పెద్దావిడ తడిగుడ్డతో ఒక్కో బిళ్లా తుడుస్తోంది.

"గాజేనా అమ్మా?"

"కపిస్," అంది. చేతిని అలలా ఊపి, సముద్రం ఉన్న దిక్కు చూపించింది.

చిప్పలు! దగ్గరికి వెళ్లి చూస్తే, ఒక్కో బిళ్లలో ఉల్లిపొర ఈనెల్లాంటి గీతలున్నాయి. పాతవి మజ్జిగ తేటలా పచ్చబడ్డాయి, మధ్యలో మార్చినవి రెండు మాత్రం తెల్లగా ఉన్నాయి. ఎండ వాటిలోంచి వచ్చి నేలపలకల మీద పడుతోంది గాని, అందులో మంట లేదు. బయటి వీధి కనబడదు. గుర్రబ్బండి చప్పుడొస్తుంది, గుర్రం కనబడదు.

ఆ చిప్ప నాకు కొత్తది కాదని అప్పుడు గుర్తొచ్చింది. కాకినాడ అఖాతం అడుగు బురదలో పెరిగేది ఇదే జాతి. పలకలా బల్లపరుపుగా, అప్పడమంత పల్చగా ఉండే ఆ గుల్లను మనవాళ్లు బట్టీల్లో కాల్చి సున్నం చేశారు. కాలిస్తే సున్నమై గోడకు చేరింది, కాల్చకుండా కోసి బిగిస్తే కిటికీ అయింది. వెలుగును ఆపేదీ, రానిచ్చేదీ ఒకే గుల్ల.

మనసు గురించి మనం మాట్లాడే తీరు నాకు సున్నపుబట్టీలా అనిపిస్తుంది. అది అబద్ధమన్నాం, కోతి అన్నాం, మాయ అన్నాం, మండించెయ్యమన్నాం. వెండి కాదని తేలిన చిప్పకు ఇక విలువే లేదన్నట్టు! అధ్యాస పోవడమంటే చిప్ప పోవడం కాదు కదా. పోయేది వెండి. అసలు ఎప్పుడూ లేనిది ఎలాగూ పోతుంది. ఉన్నది ఉంటుంది, అదీ తళుకుతోనే. విగన్ వడ్రంగి దాన్ని వెండిగా అమ్ముకోలేదు, విసిరికొట్టనూ లేదు. అంచులు చెక్కి గడిలో కూర్చాడు. తనకు సొంతకాంతి లేదని ఒప్పుకున్న చిప్పకే కిటికీలో చోటు దొరికింది. దీన్ని చిత్తశుద్ధి అనాలనిపిస్తుంది నాకు. సంప్రదాయజ్ఞులు ఒప్పుకోకపోవచ్చు. చిప్ప శుభ్రపడిందని సూర్యుడికి ఒరిగేదేమీ లేదని వాళ్లంటే, అదీ నిజమే.

ఇదంతా శాశ్వతమని కాదు. 2022 జులై 27న 7.0 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఈ మేడలు కొన్ని బీటలు వారాయి, పక్కనున్న బాంతాయ్ ఊరి గంటగోపురం పైభాగం కూలింది. భూకంపాలు తెలిసిన దేశం కాబట్టే విగన్ చర్చి కట్టినవాళ్లు గంటగోపురాన్ని కొంచెం ఎడంగా కట్టారు. పడితే అదొక్కటే పడాలని. పిలిచే గొంతును గర్భగుడికి దూరంగా పెట్టిన ఆ జాగ్రత్త మీద ఇంకొక వ్యాసం రాయొచ్చు.

మళ్లీ ఆ వీధికి వచ్చేసరికి పొద్దు వాలింది. మేడలో దీపం వెలిగించారు. పగలు లోపల నిలబడి చూసిన తెల్లదనం ఇప్పుడు వీధిలోకి కనబడుతోంది, ఒక్కో గడీ నేతి దీపం రంగులో. దక్షిణామూర్తి స్తోత్రంలోని పోలిక, చిల్లుల కుండలో పెట్టిన దీపం, మనసులో మెదిలింది. అక్కడ కుండకు చిల్లులున్నాయి, ఇక్కడ చిల్లు ఒక్కటీ లేదు.

పెద్దావిడ తలుపు జరపడానికి వచ్చింది. కర్రగాడిలో అది కిర్రుమంటూ సాగి ఒకచోట పట్టేసింది. అరచేత్తో తట్టి తోసింది. రెండు తలుపుల మధ్య సన్నటి సందులోంచి క్షణంపాటు దీపం సూటిగా కళ్లలో పడింది, తర్వాత మళ్లీ చిప్పలే.