నైవేద్యం కాకముందు

పండుగనాడు దేవునికి పెట్టవలసిన పిండివంటలో పసిపిల్లల చేతికి చోటు ఉన్నదా, ఉంటే అది ఎంతవరకు అన్న ప్రశ్న ధర్మశాస్త్రంలో ఒక మూలన కనిపించినా, ఇళ్ల వంటగదుల్లో మాత్రం ఏటా మళ్లీ తలెత్తుతూనే ఉంటుంది. ఉదాహరణకు, చెన్నైలోని మైలాపూరులో తెలుగు కుటుంబాలు తరాలుగా స్థిరపడి ఉన్నాయి. వినాయక చవితికి ఆ ఇళ్లవారు మాడవీధుల్లో మట్టి వినాయకుణ్ణి, కాగితపు గొడుగును, జిల్లేడుపూల దండను తెచ్చుకొని, పొరుగున తమిళుల ఇళ్లలో కొళుక్కట్టలు ఆవిరికెక్కే వేళకే ఉండ్రాళ్లకు రవ్వ ఉడికిస్తారు. ఉడికి, గోరువెచ్చగా ఆరిన రవ్వను ఉండలు చుట్టడం పిల్లలు చేయగలిగిన పనే గనుక దానికి ఎవరూ పెద్దగా అభ్యంతరం చెప్పరు. చుట్టిన ఉండ పళ్లెంలోకి గాక నోట్లోకి పోయినప్పుడే ఎంగిలి అన్న మాట వస్తుంది.

ఒకరు నోట పెట్టుకొన్న పదార్థాన్నీ, అందులో మిగిలినదాన్నీ ఎంగిలి అంటారు. భగవద్గీత పదిహేడవ అధ్యాయం అటువంటి ఉచ్ఛిష్టాన్ని తామస ఆహారాల్లో చేర్చింది. అయితే ఈ భావనలో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయి ఉన్నాయి. వాటిలో ఒకటి నోటి తడి సోకడం వల్ల కలిగే అశుచి కాగా, రెండవది ఇతరులకోసం వండినదాన్ని వారికంటె ముందు అనుభవించడం వల్ల కలిగే క్రమభంగం. పిల్లల విషయంలో ఈ రెండింటినీ విడదీసి చూడకపోవడం వల్లనే పెద్దలు కొందరు మరీ కఠినంగానూ, కొందరు మరీ ఉదారంగానూ మాట్లాడతారు.

మొదటిదానికి గౌతమ ధర్మసూత్రం దాదాపుగా సమాధానం చెప్పింది. ఉపనయనానికి ముందు బాలుడు ఇష్టం వచ్చినట్లు నడుచుకోవచ్చుననీ, మాట్లాడవచ్చుననీ, హవిశ్శేషం తప్ప ఏదైనా తినవచ్చుననీ, అతనికి ఆచమన నియమం లేదనీ, అతణ్ణి తాకినంత మాత్రాన ఇతరులకు అశుచి కలుగదనీ ఆ గ్రంథం రెండవ అధ్యాయారంభంలో విధించింది. అయితే ఇంత స్వేచ్ఛ ఇచ్చిన ఆ సూత్రకారుడే అగ్నిలో హోమం చేయడానికి గాని, బలిహరణానికి, అంటే భూతాలకు అన్నం పెట్టే కర్మకు గాని బాలుణ్ణి నియోగించరాదని కూడ చెప్పాడు. కాబట్టి వంట కర్మలో భాగమా, కర్మకు ముందు జరిగే సన్నాహమా అన్నది తేలితే తప్ప పిల్లల హక్కు తేలదు.

వైదిక యజ్ఞంలో ఈ విషయమై సందేహం లేదు. పురోడాశం అనే పిండిరొట్టెకు ధాన్యం దంచడం మొదలు కాల్చడం వరకు ప్రతి పనీ సమంత్రకంగా జరుగుతుంది. దంచకుండా గోళ్లతో ఒలిచినా పొట్టు ఊడుతుంది గదా, దంచాలనే నియమం ఎందుకని మీమాంసకులు ప్రత్యేకంగా చర్చించడానికి కారణం కూడ ఆ పనిని వారు కర్మాంగంగా, అంటే ప్రధానకర్మకు లోబడిన భాగంగా ఎంచడమే. ఇంటి పూజలో మాత్రం ఆచమనం చేసి సంకల్పం చెప్పేవేళకు ఉండ్రాళ్లు ఉడికి సిద్ధంగా ఉంటాయి. ఈ లెక్కన పిల్లలు చుట్టినది సన్నాహమే అవుతుంది గాని కర్మ కాదు. అయినా ఇల్లాలు స్నానం చేసి, మడిబట్ట కట్టి, అంటే ఉతికి ఎవరూ తాకకుండా ఆరవేసిన చీర ధరించి వండుతుంది గనుక, పూజ పొయ్యి దగ్గరే మొదలైందని ఆమె ఆచారం చెబుతున్నది. ఇక్కడ ఆమె ఆచారమే శాస్త్రపు లెక్కకంటె లోతైనదనిపిస్తుంది.

రెండవదైన క్రమభంగానికి సమర్థనగా చాలామంది శివభక్తుడైన తిన్నణ్ణి ఉదాహరిస్తారు. ఏటా పంగుని మాసంలో కపాలీశ్వరాలయపు అరవై ముగ్గురు నాయనార్ల ఊరేగింపులో కణ్ణప్పగా ఆయన విగ్రహం మైలాపూరు వీధుల్లో తిరుగుతుంది. ధూర్జటి శ్రీకాళహస్తి మాహాత్మ్యం వల్ల తెలుగువారికీ ఆయన సుపరిచితుడే. కాని ఈ పోలిక నిలవదు. తిన్నడు మాంసాన్ని రుచి చూసింది శివునికి మంచి ముక్క పెట్టడానికి; ఉండ్రం నోట్లో వేసుకొన్న పిల్లవానికి అటువంటి ఉద్దేశం ఏదీ ఉండదు, వానికి ఆకలి వేసింది, అంతే. ఆ ఆకలిని భక్తిగా అలంకరించి చెప్పడం పిల్లవానికీ, తిన్నడికీ అన్యాయమే.

కొన్ని ఇళ్లలో పిల్లలకు విడిగా ఒక ముద్ద ఇచ్చి ఆడుకోమంటారు. తగవు తీరుతుంది గాని, పిల్లలు చేసినది దేవుని దాకా పోదు. అంతకంటె, రుచి చూడకుండా వండడమనే విద్యలోనే వారిని చేర్చుకోవడం మేలు. నాలుక పనికిరాదు గనుక ఆ వంట కొలత మీద, చూపు మీద, స్పర్శ మీద నడుస్తుంది: రవ్వ ఒక గ్లాసైతే నీళ్లు సాధారణంగా రెండు, నానిన శనగపప్పు ఒక గుప్పెడు, ఉప్పు చెంచాకొలతన. సంక్రాంతి అరిసెలకైతే మరిగే పాకం జోలికి పిల్లలను పోనీయరాదు, కాని పెద్దలు పళ్లెంలోని నీళ్లలో వేసిన పాకపు చుక్క చల్లారాక ఉండకట్టిందో లేదో వేలితో చూసి చెప్పే పని వారిదే కావచ్చు. తనకోసమే వండుకొనేవారు పాపాన్నే తింటారని గీత మూడవ అధ్యాయం చెప్పిన విషయం, చేతికి అంటిన రవ్వను నాకకుండా కడుక్కొన్న ఆ ఒక్క క్షణంలో పిల్లలకు అనుభవానికి వస్తుంది. ఆ నిగ్రహం తప్పితే గద్దించవలసిన పని లేదు. దేవుని భాగాన్ని మొదటే వేరే గిన్నెలో తీసి మూతపెడితే క్రమభంగం కూడ జరగదు.

ఇంతవరకు చెప్పిన స్వేచ్ఛకు గౌతముడు పెట్టిన అవధి ఉపనయనం. స్త్రీలకు వివాహమే ఉపనయన స్థానీయమని మనుస్మృతి అంటున్నది గనుక, ఆ తర్కాన్నే చివరిదాకా నడిపితే ఆడపిల్లకు ఈ వెసులుబాటు పెళ్లిదాకా ఉండాలి. ఆచారంలో మాత్రం ఉండ్రం నోట్లో వేసుకొన్న అన్నను చూసి నవ్వి ఊరుకొనే ఇంట్లోనే, అతనికంటె చిన్నదైన చెల్లెలికి మడి నేర్పడం ముందుగా మొదలవుతుంది, దానికి ఏ సూత్రమూ ఆధారంగా చూపరు.