కుటుంబ నియంత్రణ: స్త్రీ సమ్మతి అనే ప్రశ్న

ఒక స్త్రీ గర్భనిరోధక సాధనాన్ని వాడుతున్నదంటే, ఆ మేరకు ఆమె స్వేచ్ఛను అనుభవిస్తున్నట్టేనా? ఈ ప్రశ్న పైకి వితండవాదంగా కనిపించవచ్చు. మా పెద్దమ్మ తొమ్మిది కాన్పులు పడింది. నలుగురు బిడ్డలను మట్టిలో కలుపుకొని, నలభై అయిదేళ్ళకే నడుము వంగిపోయింది. ఆమె మనుమరాలు ఇద్దరు పిల్లలతో ఆగిపోయింది. కుట్టుమిషన్ పెట్టుకొని నాలుగు రాళ్ళు సంపాదించుకొంటున్నది. ఇద్దరిలో ఎవరి బతుకు మేలన్నది తేల్చడానికి తత్త్వశాస్త్రం తిరగవేయనక్కరలేదు. కాని మేలైన బతుకు దొరకడం వేరు, ఆ బతుకును తానుగా ఎంచుకోవడం వేరు. ఈ రెంటికీ మధ్య వున్న దూరమెంతో మన లెక్కల పుస్తకాలు చెప్పవు.

లెక్కలు మాత్రం ఘనంగానే వున్నవి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో నూటికి 71 మంది ఏదో ఒక గర్భనిరోధక పద్ధతిని పాటిస్తున్నారు. ఇందులో దాదాపు 70 మంది ట్యూబెక్టమీ చేయించుకొన్నవారే. మాత్రలు, లూప్, నిరోధ్, మగవారి ఆపరేషన్ అన్నీ కలిపినా నూటికి ఇద్దరు కారు. తెలంగాణలో ఆపరేషన్ చేయించుకొన్న స్త్రీలు 62 మంది. దేశం మొత్తం మీద 38 మంది. ఇక మగవారి ఆపరేషన్ దేశంలో వెయ్యికి ముగ్గురి లెక్క. వేసెక్టమీ చిన్న పని, ట్యూబెక్టమీ కంటే తేలిక, ప్రమాదం తక్కువ. అయినా భారమంతా పొట్ట కోయించుకొనే పక్షానికే పోయింది. దీన్ని అంగీకారమనాలా, అలవాటు అనాలా, గత్యంతరం లేకపోవడం అనాలా?

స్త్రీలు గర్భనిరోధం వైపు ఎందుకు మొగ్గుతారన్న దానికి పండితులు చాలాకాలంగా ఒక జాబితా చదువుతున్నారు: చదువు, ఆదాయం, పట్టణవాసం, పెళ్ళి వయస్సు, శిశుమరణాలు తగ్గడం. 1974లో బుకారెస్ట్‌లో జరిగిన ప్రపంచ జనాభా మహాసభలో మన దేశ ప్రతినిధి కరణ్ సింగ్ అభివృద్ధిని మించిన గర్భనిరోధకం లేదన్న అర్థం వచ్చేట్టు మాట్లాడారు. కేరళను చూస్తే ఆ మాట నిజమే ననిపిస్తుంది. అక్కడ ఆడపిల్ల బడికి వెళ్ళింది, ఆలస్యంగా పెళ్ళాడింది, తక్కువమందిని కన్నది. మన ప్రాంతం కథ అది కాదు. 1998-99 నాటికే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీకి సగటున రెండుంబావు మంది పిల్లలు. 2005-06 నాటికి రెండుకు లోపే. 2001 జనాభా లెక్కల్లో మన స్త్రీలలో అక్షరాస్యులు నూటికి 50 మంది మాత్రమే. అంటే సగం మంది స్త్రీలకు సంతకం రాని రాష్ట్రం, చదువుకున్న రాష్ట్రాల సరసకు చేరింది! పండితుల సూత్రం ఇక్కడ బోల్తాపడింది.

మరి ఏది పనిచేసింది? ఒకటి మాత్రం నిస్సందేహం. పేదింటి లెక్క మారింది. ఒకప్పుడు ఎనిమిదేళ్ళ పిల్లవాడు గొడ్లు కాసి ఇంటికి ఇంత తెచ్చేవాడు. తరువాత వాడికి ఫీజు కట్టవలసి వచ్చింది. ఆడపిల్లకు కట్నం ఎకరాల్లోంచి లక్షల్లోకి పెరిగింది. ముగ్గురికి పంచితే చెరి అరెకరం కూడా రాని భూమి, కాపుకే గాదు, కూలికీ అన్నం పెట్టలేదు. ఈ లెక్కను ఏ ప్రభుత్వమూ నేర్పలేదు. అది తల్లికి తెలుసు. కాని ఆ తల్లి ఇక చాలునని నిర్ణయించుకొన్న క్షణాన ఆమె ఎదుట తెరిచివున్న తలుపు ఒక్కటే. ఆ తలుపు ఎవరు కట్టారో చూడాలి.

1952లో ప్రభుత్వ స్థాయిలో కుటుంబ నియంత్రణను చేపట్టిన తొలి దేశం మనది. ఎర్ర త్రికోణం గోడలెక్కింది; లూప్ వచ్చింది, నిరోధ్ వచ్చింది. అత్యవసర పరిస్థితి కాలంలో మగవాళ్ళను పట్టుకొచ్చి కోశారు; 1976-77లో ఒక్క ఏడాదిలోనే అరవై లక్షల పైచిలుకు వేసెక్టమీలు జరిగినవి. 1977 ఎన్నికల్లో దాని ఫలితం పాలకులు అనుభవించారు. నియంత్రణ అన్న మాట పోయి కుటుంబ సంక్షేమమయింది. ఆనాటి నుంచి మగవాడి జోలికి పోవడానికి ఏ ప్రభుత్వానికీ ధైర్యం చాలలేదు. మగవాడు తిరగబడతాడు; ఓటు తిప్పేస్తాడు. ఆడది మూలుగుతుంది, అంతే. లక్ష్యాలు కాగితం మీద 1996లో రద్దయినవి. కాని శిబిరాలు ఆగలేదు. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒక్క శిబిరంలో కొన్ని గంటల్లో 83 మంది స్త్రీలకు ఆపరేషన్లు చేస్తే, పదముగ్గురు పేద స్త్రీలు చనిపోయిన తరువాతగాని దేశం ఉలిక్కిపడలేదు. 2016లో సుప్రీంకోర్టు, మూడేళ్ళలో ఈ శిబిరాల పద్ధతి మానమన్నది.

పల్నాటి వైపు మిరపకోతల్లో ఒక కూలీ తల్లితో మాట్లాడాను. ఆమెకు ఇరవై రెండేళ్ళకే ఆపరేషన్ అయింది.

"మీ ఆయన చేయించుకోవచ్చు గదమ్మా?" అన్నాను.

"ఏంది సారూ, ఆయన బరువులెత్తొద్దా?" అన్నది, మిరపకాయల మూట తలకెత్తుకొంటూ. తన మాట తనకే వినిపించిందేమో, నవ్వింది.

ఆ నవ్వును నేను గుర్తుపట్టడానికి కారణం వున్నది. నా భార్యకు ఆపరేషన్ అయిన రోజున నేను ఆస్పత్రి వరండాలో బల్లమీద కూర్చొని స్త్రీ విముక్తిని గురించిన వ్యాసానికి ప్రూఫులు దిద్దుకొంటున్నాను. ఆ పని నేను చేయించుకోవచ్చునన్న ఆలోచన నాకు రాలేదు. వచ్చి, భయపడి, వెనక్కు తగ్గితే అది పిరికితనం, క్షమించవచ్చును. అసలు రానేలేదు. ఆమె కూడా అడగలేదు. మా ఇద్దరి మధ్య ఏ బలవంతమూ జరగలేదని నేను ప్రమాణం చేయగలను. ఆ ప్రమాణం విలువెంత అన్నదే నన్ను వదలని ప్రశ్న.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది, దాన్ని దాటవేయరాదు. "ఆ కూలీ తల్లి తానుగా కోరుకొన్నానంటున్నది. ఆమెకు తన ఇష్టమేదో తెలియదని చెప్పడానికి నీవెవరు? అత్తకు చెప్పకుండా, మొగుణ్ణి బతిమాలి ఒప్పించి చేయించుకొన్న స్త్రీలు లేరా?" వున్నారు. ఆ ఆపరేషన్ కోసం పోరాడిన స్త్రీలను నేనెరుగుదును. వారిని బలిపశువులుగా చిత్రించడం అవమానమే అవుతుంది. కాని ఊరికి ఒకే బావి వున్నప్పుడు అందరూ దాని నీళ్ళే తాగుతారు. దాహం నిజం, నీళ్ళూ నిజం. ఆ ఊరివాళ్ళు ఆ బావిని ఎంచుకొన్నారనడం మాత్రం నిజం కాదు. సమ్మతి అనగానే మనం వేలిముద్రను చూస్తాము. వద్దన్నా ఏమీ పోగొట్టుకోని స్థితి, మరో దారి ఎరుక, ఆ దారికి చేరే వీలు వున్నప్పుడే ఆ వేలిముద్రకు అర్థం. ఆంధ్రలో ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ళ స్త్రీలలో నూటికి 29 మందికి పద్దెనిమిదేళ్ళు నిండకుండానే పెళ్ళయినట్టు ఆ సర్వేయే చెబుతున్నది. పెళ్ళికి సమ్మతి అడగని పిల్లను, కాన్పుకు సమ్మతి అడగని పిల్లను, మూడోదాని కాడ మాత్రం "ఇది నీ ఇష్టం" అంటున్నాము.

మన అభ్యుదయ శిబిరానికి కూడా ఇందులో వాటా వున్నది. 1798లో మాల్థస్ పేదల ఆకలికి పేదల సంతానమే కారణమన్నాడు. మార్క్స్ ఆ వాదాన్ని చీల్చి చెండాడాడు. సరైన పనే. ఆకలి పంపకంలో వున్నది, పిల్లల సంఖ్యలో లేదు. కాని ఆ వాదంలో గెలిచిన సంబరంలో మనం గర్భం మోసే మనిషిని మరిచిపోయాము. 1913లో బెర్లిన్‌లో కాన్పుల సమ్మె ప్రతిపాదన చర్చకు వస్తే క్లారా జెట్కిన్, రోజా లక్సెంబర్గ్ వంటి మహా నాయకురాళ్ళు దాన్ని వ్యతిరేకించారు. సభకు వచ్చిన శ్రామిక స్త్రీలలో ఎందరో ప్రతిపాదన వైపే మొగ్గారు. సోవియట్ రష్యా 1920లో గర్భస్రావాన్ని చట్టబద్ధం చేసింది, 1936లో నిషేధించింది, 1955లో మళ్ళీ అనుమతించింది. స్త్రీ అవసరం ఈ ముప్పై అయిదేళ్ళలో రెండుసార్లు తిరగబడిందా? లేదు. తిరగబడింది రాజ్యం అవసరం.

ఆ మాట మనకూ వర్తించే రోజు వచ్చింది. ఇద్దరికంటే ఎక్కువ మంది పిల్లలుంటే పంచాయతీకి పోటీ చేయరాదని 1994 చట్టం అన్నది. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ నిబంధనను ఎత్తివేసింది. ముసలివాళ్ళు పెరుగుతున్నారు, ఎక్కువమందిని కనండని అప్పటికే ముఖ్యమంత్రి పిలుపునిచ్చివున్నారు. ఆ నిబంధన పోవడం మంచిదే. దానివల్ల పదవులు పోగొట్టుకొన్నవారిలో పేదలూ స్త్రీలూ వున్నారు. కాని నిన్న వద్దన్న నోరే నేడు కావాలంటున్నది. రెండు మాటలలోనూ స్త్రీ కడుపు ఒక లెక్కకు సరిపెట్టవలసిన అంకె. ఇరవై రెండేళ్ళకే దారి మూయించిన స్త్రీని ఇప్పుడు ఏ ముఖంతో అడుగుతారు?

మందులు లేక కాదు. మాత్రలు చాలాకాలంగా వున్నవి. 2017 నుంచి అంతర ఇంజక్షన్, ఛాయా మాత్ర ప్రభుత్వ పథకంలోకి వచ్చినవి. అవి ఊళ్ళోకి వచ్చినా ఇంట్లోకి రావడం కష్టం. మాత్ర దాచుకోవడానికి ఒక పెట్టె కావాలి, ఆ పెట్టె అత్త తెరవకుండా వుండాలి. మొదటి బిడ్డ కలుగకుండా మాత్ర మింగే కోడలిని ఊరు ఏమంటుందో చెప్పనక్కరలేదు. ఆపరేషన్‌కు ఆ బాధ లేదు. అది కొడుకు పుట్టిన తరువాత అందరి ఎదుట, అందరి ఆమోదంతో జరుగుతుంది. తాత్కాలిక పద్ధతి స్త్రీ చేతిలో వుంటుంది, అందుకే అది అనుమానాస్పదం.

ఆ పల్నాటి తల్లి కూతురిని కూడా చూశాను. ఇరవై ఒకటో ఏడు, రెండో నెల బిడ్డ ఒళ్ళో వున్నాడు. ఆపరేషన్‌కు పేరు రాయించారట. మాత్రలు, ఇంజక్షన్లు వుంటాయని తెలుసా అని అడిగాను.

"ఆశా అక్క చెప్పింది. రోజూ గుర్తు పెట్టుకోవాలంట. మా అత్త చూస్తే ఊరుకోదు."

"మీ ఆయన ఏమన్నాడమ్మా?"

"ఆయన్ని ఎవరూ అడగలా," అన్నది.