తృప్తిని జీతం కింద లెక్కేస్తే

ఈ పనిలో నీకు తృప్తి ఉందా అని అడిగితే ఉందనే చెబుతాను. మొహమాటానికి కాదు. మొదటిరోజు అమ్మ కొంగు వదలని మూడేళ్ల పిల్ల నెల తిరిగేసరికి ‘టీచరమ్మా’ అంటూ తనే పరిగెత్తుకొస్తుంది. ఆటపాటల వేళ నాకు ఒంట్లో ఏ నొప్పీ గుర్తుండదు. మరి ఇంటికి చేరాక కన్నబిడ్డ చెప్పే కబురు వినడానికి కూడా ఓపిక ఎందుకుండదు?

మా తమ్ముడు మా ఊరి బడిలోనే ఎస్జీటీ టీచరు. ఈ ఏడు నా అంగన్‌వాడీలో ఉన్న పిల్లలే వచ్చే ఏడు వాడి ఒకటో తరగతిలో కూర్చుంటారు. వాడూ అలిసిపోతాడు, యాప్‌లూ ఫొటోలూ వాడినీ పీడిస్తాయి. అయినా వాడికి పే స్కేలుంది, ప్రమోషనుంది, ఇంటికెళితే మరదలు చేతికిచ్చే టీ గ్లాసుంది. నేను ఇంటికెళ్లి పొయ్యి వెలిగించాలి. వాడు పిల్లాడి ముక్కు తుడిస్తే ఊళ్లో మెచ్చుకుంటారు. నేను తుడిస్తే ఆడమనిషి కదా, అలవాటే అంటారు. 1920లో భావనగర్‌లో బాలమందిరం పెట్టిన గిజూభాయి బధేకాను ‘మీసాల అమ్మ’ అని పిలుచుకున్నారు. ఆయనంటే నాకు భక్తి. కానీ అదే ప్రేమ ఆడవాళ్లు చూపిస్తే దానికి బిరుదు ఉండదు.

పిల్లల ముందు మొహాన నవ్వు నిలుపుకోవడం కూడా పనే. ఇలాంటిది శ్రమేనని అమెరికా సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ 1983లోనే రాసింది. పిల్లలు పడుకున్నాక వాళ్ల బరువులు, ఎత్తులు పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎక్కించాలి. సిగ్నల్ లేకపోతే ఆ పని నాతోపాటు ఇంటికొస్తుంది. నన్ను కుంగదీసేది పిల్లలు కాదు, ఇదీ.

1975లో అంగన్‌వాడీల ఐసీడీఎస్ పథకం మొదలైనప్పటి నుంచీ మాకిచ్చేది గౌరవ వేతనమే. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో సమ్మెకు దిగేనాటికి అది నెలకు 11,500 రూపాయలు. నలభై రెండు రోజులు రోడ్డు మీద కూర్చున్నాం. మధ్యలో సమ్మెను నిషేధిస్తూ ఎస్మా చట్టం పెట్టారు. జీతం దగ్గర సేవకులం, సమ్మె దగ్గర అత్యవసర సర్వీసులం. పిల్లల మీద ప్రేమ ఉంటే సమ్మెలో ఎలా కూర్చున్నావని మా వీధిలో ఒకావిడ అడిగింది. నాకు కోపం రాలేదు, సిగ్గేసింది. పసిపిల్లల్ని చూసుకున్నందుకు డబ్బు అడగడమేమిటని నా లోపల కూడా ఎవరో అంటూనే ఉన్నారు. పుట్టింట్లో అమ్మనీ, అత్తింట్లో అత్తనీ చూసి నేర్చుకున్న సిగ్గు అది. మా తమ్ముడు జీతాల సవరణ (పీఆర్సీ) కోసం ధర్నాకు వెళ్లినప్పుడు వాడికి పిల్లల మీద ప్రేమ లేదని ఎవరూ అనలేదు, వాడికీ ఆ అనుమానం రాలేదు. మా ఇద్దరి మధ్య తేడా ఓర్పులో లేదు, ఈ సిగ్గులో ఉంది. నా అలసటలో సగం దాన్ని మోయడానికే పోతోంది.

మా తృప్తిని కొలవడానికి వచ్చేవాళ్లను ఒకటే కోరుతున్నాను. ముందు మా పని గంటలు రాసుకోండి, ఇంటి పనితో సహా. యాప్ పనికి వేరే మనిషిని ఇమ్మని రాయండి. గౌరవ వేతనం అన్నచోట జీతం అని రాయండి.