మన పని మనది, ఫలం రాముడిది

ఏడాది చివరికొచ్చేసరికి అమెరికాలో ఉద్యోగాలు చేసే మనలో చాలామందికి ఒక ఇబ్బంది ఎదురవుతుంది. ఏడాదంతా ఏం సాధించామో మనమే రాసి మేనేజరుకు ఇవ్వాలి. నలుగురూ కలిసి చేసిన పనిలో మన వాటా ఎంతో గట్టిగా చెప్పుకోవాలి. సొంత డబ్బా కొట్టుకోవడం తప్పని అమ్మానాన్నలు నేర్పిన మనకు అక్కడ కలం సాగదు. చెప్పుకోకపోతే వెనకబడిపోతామన్న భయం ఒకవైపు, చెప్పుకుంటే మన తీరు మారిపోతుందేమోనన్న బెంగ మరోవైపు.

ఈ సందిగ్ధంలో నాకు ధైర్యమిచ్చేది త్యాగరాజస్వామి జీవితం. ఆయన (1767–1847) కావేరి ఒడ్డున తిరువయ్యూరులో బతికారు. తంజావూరు ఆస్థానం అక్కడికి దగ్గర్లోనే ఉండేది. శరభోజి మహారాజు కబురు పంపితే, రాముడి సన్నిధి చాలని ఆ కానుకలు కాదన్నారని పెద్దలు చెబుతారు. ఉంఛవృత్తితో, అంటే వీధుల్లో కీర్తనలు పాడుతూ ఇళ్లవాళ్లు వేసిన బియ్యంతో కాలం గడిపారు.

దేవుడే చూసుకుంటాడని ఆయన చేతులు ముడుచుకుని కూర్చోలేదు. శొంఠి వెంకటరమణయ్యగారి దగ్గర శ్రద్ధగా సంగీతం నేర్చుకున్నారు. జీవితమంతా సాధన చేశారు, వందల కీర్తనలు కట్టారు, శిష్యులకు ఓపిగ్గా నేర్పారు. పనిలో ఏ లోటూ రానివ్వలేదు. పేరు సంగతి మాత్రం రాముడికి వదిలేశారు.

ఆ పేరు ఎలా వచ్చిందో చూడండి. వాలాజాపేట, ఉమయాళ్‌పురం, తిల్లైస్థానం శిష్యులు ఆ కీర్తనలను కాపాడారు. కాలక్రమంలో ఆయన సమాధి ఆలనాపాలనా లేక పాడుబడింది. ఆయనతో ఏ బంధుత్వమూ లేని బెంగళూరు నాగరత్నమ్మ 1920లలో తన ఆస్తి వెచ్చించి అక్కడ గుడి కట్టించారు. ఇక్కడ ఒహైయోలోని క్లీవ్‌లాండ్‌లో 1978 నుంచి ఆయన పేరిట ఉత్సవం జరుగుతోంది. తనకోసం ఏమీ అడగని మనిషికి, ఆయన ఎరగని వాళ్లు ఎరగని దేశంలో పీట వేశారు. దీన్ని నేను దైవకృప అనే అంటాను.

మన ఊళ్లలో జరిగే త్యాగరాజ ఆరాధనకు ఈసారి పిల్లల్ని తీసుకెళ్లండి. గుడి హాల్లో తివాచీల మీద వరసలుగా కూర్చుంటారు. కచేరీలు చేసే విద్వాంసుల పక్కనే నిరుడు సంగీతంలో చేరిన పిల్ల పుస్తకం చూసుకుంటూ ఉంటుంది. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల్లోని ఆయన పంచరత్న కీర్తనలు అందరూ ఒకే గొంతుగా పాడతారు. అక్కడ ఎవరి గొప్పా విడిగా వినిపించదు. శ్రీరాగ కీర్తనలో అంతటి వాగ్గేయకారుడు తన గొప్ప చెప్పుకోకుండా మహానుభావులందరికీ దండం పెట్టాడని పిల్లలకు అర్థం చెప్పండి. వినయమంటే ఏమిటో వాళ్లకు ఇంకో పాఠం అక్కర్లేదు.

ఆఫీసులో అడిగినప్పుడు చేసిన పని ఉన్నదున్నట్టు రాయడంలో తప్పు లేదు, అది లెక్క అప్పజెప్పడం. పక్కవాడి కష్టాన్ని మన ఖాతాలో వేసుకోవడం, లేనిది ఉన్నట్టు చెప్పడం, పొగడ్త కోసం పాకులాడడం మాత్రం మనకు వద్దు. నిజం చెప్పినందుకు ఒక ప్రమోషన్ ఆలస్యమైతే కానివ్వండి. మనకు రావాల్సినదాన్ని భగవంతుడు ఏ దారిన తెస్తాడో మనం లెక్కకట్టలేం.

ఈ పద్ధతిని మన తెలుగు సంఘంలోనే మొదలుపెడదాం. వచ్చే ఉగాదికి వేదిక మీద శాలువాలు కప్పేటప్పుడు, తెల్లవారుజామునే వచ్చి పులిహోర కలిపినవాళ్లనూ, రాత్రి పొద్దుపోయాక కుర్చీలు మడత పెట్టినవాళ్లనూ ముందు పిలుద్దాం. ఎవరికి వాళ్లు చెప్పుకోవాల్సిన అవసరం లేకుండా ఒకరి మంచి ఇంకొకరం చెబుదాం. మన పిల్లలు చూసి నేర్చుకునేది దీన్నే.